కుండీలో మొక్కలు ఎలా పెంచాలి? అడుగు నుంచి మొదలుపెట్టండి

కుండీలో మొక్క వాడిపోగానే నీళ్లు చాలలేదేమో అనుకుంటాం. చాలాసార్లు జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు. అడుగున నీళ్లు నిలిచి, గాలి ఆడక వేళ్లు కుళ్లిపోతాయి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చుకోలేవు కాబట్టి ఆకులు వేలాడతాయి. వాడింది కదా అని మనం మరో చెంబుడు పోస్తాం, ఆ చెంబుతో దాని పని అయిపోతుంది. అందుకే విత్తనం సంగతి తర్వాత, ముందు కుండీ అడుగు చూడండి.

కుండీ ఎంపిక

నీళ్లు బయటికి పోయే దారి ఉంటే పాత బకెట్, చెక్క పెట్టె, గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) ఏదైనా కుండీయే. రసాయనాలు, పురుగుమందులు నిల్వ ఉంచిన డబ్బాలు మాత్రం వద్దు, ముఖ్యంగా తినే మొక్కలకు. అడుగున సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు రంధ్రాలు నాలుగైదు ఉండాలి. చదునైన అడుగున్న బకెట్‌ను చదునైన నేల మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. కాబట్టి కొన్నింటిని పక్కగోడకు, అడుగు అంచును ఆనుకుని పెట్టండి. లేదా కుండీ కింద రెండు ఇటుక ముక్కలు ఉంచండి.

ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు చాలు. మిరప, వంగకు 25 నుంచి 30 కావాలి. టమాటాకు 15–20 లీటర్ల మట్టి పట్టే కుండీ ఇవ్వండి. అలాగని చిన్న మొక్కను పెద్ద తొట్టిలో పెట్టడం ఉపకారం కాదు. వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది.

20 లీటర్ల కుండీలో వట్టి మట్టి నింపి తడిపితే 30 కిలోలు దాటుతుంది. ఉంచే చోటు ముందే నిర్ణయించుకుని అక్కడే నింపండి. ఎండను బట్టి జరపాలనుకుంటే చక్రాల పీట మీద పెట్టండి.

అడుగున కంకర వేయాలా?

వద్దు. చాలామంది చెప్పే సలహాయే అయినా నేను ఒప్పుకోను. మట్టి రేణువుల సన్నని సందుల్లో చిక్కుకున్న నీరు కంకర మధ్య పెద్ద ఖాళీల్లోకి తేలిగ్గా దిగదు. పైన మట్టి ముద్దగా నానిన తర్వాతే దిగుతుంది. అంటే కంకర వేసినా ఆ తడి పొర ఎక్కడికీ పోదు, కంకర మందమంతా పైకి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

కావాలంటే వంటింట్లోని స్పాంజితో పరీక్షించండి. బాగా తడిపి, పిండకుండా అడ్డంగా పట్టుకుని చుక్కలు ఆగేదాకా చూడండి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. ఎత్తు పెరిగితే అదే పదార్థం తక్కువ నీటిని పట్టి ఉంచుతుంది. లోతైన కుండీ వేళ్లకు మేలు చేసేది ఇందుకే. రంధ్రాల నుంచి మట్టి జారకుండా చిన్న వలముక్క వేస్తే సరిపోతుంది.

మట్టి మిశ్రమం

తోటమట్టి ఒక్కటే నింపితే నీళ్లు పోసేకొద్దీ బిగుసుకుపోతుంది. తోటమట్టి, కోకోపీట్ (ఇటుకలుగా అమ్మే కొబ్బరి పొట్టు), బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్లలో కలపండి. పచ్చి ఎరువు వాడితే వేళ్లు మాడతాయి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉండవచ్చు కాబట్టి నానబెట్టి ఒకటి రెండుసార్లు కడిగి పిండాలి. పిడికిట్లో నొక్కితే ముద్దకట్టి, వేలితో తాకగానే విడిపోయే మిశ్రమం మంచిది. పైన మూడు సెంటీమీటర్లు ఖాళీ వదలండి, నీళ్లు పొర్లకుండా ఇంకుతాయి.

నారు సాయంత్రం పూట నాటండి. మొక్క వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేత్తో మెల్లగా విడదీయండి.

నీళ్లు

రోజూ ఇన్ని నీళ్లని లెక్క పెట్టుకోకండి. వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించండి, తడి తగిలితే ఆరోజు నీళ్లు వద్దు. చిన్న కుండీలైతే ఎత్తి చూస్తే బరువే చెబుతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి కారేదాకా పోయాలి. కింద పళ్లెంలో చేరినవి అరగంటలో పారబోయండి. మట్టి కుండీ గోడల గుండా కూడా తడి ఆరిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కుండీ కంటే ముందే నీళ్లు అడుగుతుంది.

ఒక్కోసారి పోయగానే నీళ్లు గబగబా కిందికి వచ్చేస్తాయి. సంతోషించకండి. మిశ్రమం బాగా ఎండి, గోడ నుంచి విడివడి, ఆ సందులోంచి నీళ్లు జారిపోతున్నాయి, మధ్యలో వేళ్లు ఎండుగానే ఉన్నాయి. కుండీని నీళ్ల తొట్టిలో అరగంట ఉంచి తీయండి.

ఎరువు, ఎండ, పురుగు

నీళ్లతో పాటు పోషకాలూ కొట్టుకుపోతాయి. నాటిన నెల తర్వాత నుంచి పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు పై మట్టిలో కలపండి. ద్రవ ఎరువైతే సీసా మీద చెప్పిన మోతాదులో సగం చాలు. మట్టి మీద తెల్లని పొర కడితే లవణాలు పేరుకున్నట్టు. ధారాళంగా నీళ్లు పోసి కడిగేయండి.

కాయగూరలకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి, ఆకుకూరలు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. పిండినల్లి, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులు కనిపిస్తే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి ఎండ తగ్గాక ఆకుల అడుగున చల్లండి.

టమాటా కాయ కింది భాగం నల్లబడి గుంటపడితే తెగులని మందులు కొట్టకండి. ఒకరోజు ఎండగట్టి మరో రోజు ముంచెత్తితే కాల్షియం కాయకు అందదు. నీళ్లు క్రమంగా ఇస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

వేళ్లు రంధ్రాల నుంచి బయటికి వస్తే కుండీ మార్చాలి. పాతదాని కంటే ఐదు సెంటీమీటర్లు వెడల్పైనది చాలు. మార్చాక నాలుగైదు రోజులు నీడపట్టున ఉంచి, తర్వాత ఎండలోకి జరపండి.