పద్యనాటకానికి సీటు చూసుకోవడం, 4వ పాఠం: సోఫా గొడవ

పోయిన పాఠంలో ‘ఏడో వరుస మధ్యలో కూర్చోండి’ అని రాశాను. బాగానే తిట్లు తిన్నాను. ఒకాయన ఏడో వరుసకి వెళ్తే ఎదురుగా పందిరి గుంజ. ఇంకొకావిడకి వీపు వెనకే మైకుసెట్టు బల్ల. తెల్లారేదాకా ఆపరేటరు ఫోను కబుర్లే విన్నారట. తప్పు నాదేనండి. చెప్పాల్సింది దూరం, చెప్పింది అంకె.

గుంజ తప్పించుకోవడం, మైకు బాక్సుకి ఎదురుగా కూర్చోకపోవడం నేను చెప్పక్కర్లేదు. నాకు ఒళ్ళు మండేది మాత్రం మొదటి వరుస సోఫా. కమిటీవాళ్ళు పిలిచి కూర్చోబెడితే మనవాళ్ళకి అదో గొప్ప. ఆ గొప్పకి ఎంత నాటకం పోతుందో లెక్క చూడండి.

ఊరి తీర్థాల్లో, అంటే జాతరల్లో, కట్టే స్టేజీ అయిదడుగుల ఎత్తు అనుకోండి. సోఫాలో దిగబడ్డ మనిషి కన్ను మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది. సోఫాకీ స్టేజీ అంచుకీ ఆరడుగులు. అంటే చూపు ఆరడుగులకి అడుగున్నర పైకి ఎక్కాలి. అదే వాలున ఇంకో ఎనిమిది అడుగులు లోపలికి పోతే, అక్కడ కింది రెండడుగులూ కనపడవు.

ఇప్పుడు అక్కడ పాండవోద్యోగం నాటకంలో పడకసీను పెట్టండి. అది రాసిన జంటకవులు తిరుపతి వెంకట కవుల్లో ఒకరిది కడియం, ఒకరిది యండగండి. మన గోదావరి నేలమీద ఆ సీను చూడకపోతే ఎలా? అడుగున్నర ఎత్తు మంచం, దానిమీద కృష్ణుడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు. కన్ను తెరవగానే ఎవరు కనపడ్డారన్నదే అసలు కథ. సోఫాలో పెద్దమనిషికి కృష్ణుడి కన్నే కనపడదు, నెమలీక కనపడుతుంది. ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ అనగానే ఎక్కడినుంచి లేచాడా అని ఉలిక్కిపడతాడు.

స్టేజీ అంచునుంచి ముప్పై అడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటే కన్ను నాలుగడుగుల దగ్గర ఉంటుంది. మరుగయ్యేది మూడంగుళాలే. సోఫాలు వదిలేసి లెక్కపెడితే అది దాదాపు ఏడో వరుస. నా అంకె అక్కడ పుట్టింది. ముందున్న రెండు తలల సందులోకి కుర్చీ జరుపుకోండి. నేల వాలుగా ఉన్న హాల్లో ఇంత తంటా లేదు.

నేనైతే మధ్యనుంచి కాస్త హార్మనీ (హార్మోనియం) వైపుకి జరుగుతాను. రాగం లాగేటప్పుడు నటుడు ఆ వైపే ఓరగా చూస్తాడు. ఆ చూపుల బేరం పద్యంకంటే బాగుంటుంది. మీకు నచ్చకపోతే మధ్యలోనే ఉండండి.

అన్నట్టు, అభ్యాసం. వచ్చే తీర్థానికి టేపు పట్టుకుని సాయంత్రమే వెళ్ళండి. స్టేజీ ఎత్తు, సోఫా దూరం, మంచం వేసే చోటు కొలిచి, మూడు చోట్లనుంచి ఎంత మరుగవుతుందో ముందే లెక్క కట్టండి. రాత్రి ఆ మూడు చోట్లా కూర్చుని సరిచూసుకోండి. తువ్వాలు వేసి సీటు ఆపుకుంటే మార్కులు లేవు. నేను ఆపుకుంటాననుకోండి, అది వేరు.