కంటైనర్ తెరిచాక కనిపించే నష్టం: లోడింగ్ రోజుకు వెళ్లి కారణం వెతకండి

తిరుపతి, చిత్తూరు వ్యాపారులకు సముద్రం అంటే చెన్నై. మన గ్రానైట్ పలకలు అక్కడి నుంచే ఓడ ఎక్కుతాయి. ఎల్ఈడీ లైట్లు, షాండ్లియర్లు, బాత్‌రూమ్ ఫిట్టింగులు తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా మన షాపులకు వస్తాయి. సరుకు పాడైతే అందరం ఓడను తిడతాం. నేను చూసినంతలో మాత్రం తప్పు ఎక్కువగా ఓడ కదలకముందే, కంటైనర్ నింపిన రోజునే జరిగి ఉంటుంది. అందుకే నష్టం కనిపించగానే నేను అడిగే మొదటి ప్రశ్న "లోడింగ్ ఫొటోలు ఉన్నాయా?" అన్నది.

సమస్య: అట్టపెట్టెలు మెత్తబడ్డాయి, లైట్ల లోపల చెమ్మ ఉంది

ముందు తడి ఎక్కడుందో చూడండి. పై వరుస పెట్టెలన్నిటి మీదా చుక్కలు చుక్కలుగా మరకలుంటే అది వాన నీరు కాదు, కంటైనర్ చెమట. పగలు ఇనుప పెట్టె వేడెక్కి లోపలి గాలి తేమను పీల్చుకుంటుంది. రాత్రి పైకప్పు చల్లబడగానే ఆ తేమే నీళ్లయి కిందికి కారుతుంది. ఒక మూలలోనో, ఒక పక్క గోడ వెంటో మాత్రమే తడిసి ఉంటే రేకుకు చిల్లు పడిందనో, తలుపు రబ్బరు పోయిందనో అర్థం. కింది వరుస మాత్రమే తడిస్తే నేల చెక్క పచ్చిగానైనా ఉండాలి, కంటైనర్ యార్డులో నీళ్లలోనైనా నిలబడి ఉండాలి.

చెమటకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, చాలాసార్లు మనం లోపల పెట్టిన పచ్చి చెక్క నుంచే. పూర్తిగా ఆరని చెక్క ప్యాలెట్లు, వానలో తడిసిన అట్టలు దారి పొడవునా తేమ వదులుతూనే ఉంటాయి. అట్టకు తేమ తగిలితే బలం తగ్గి పై వరుసల బరువుకు కింది పెట్టెలు కుంగుతాయి. అప్పుడు చెమ్మ సమస్యే పగుళ్ల సమస్య కూడా అవుతుంది.

దీనికి పరిష్కారం సరఫరాదారు గోడౌన్‌లోనే ఉంది. ఖాళీ కంటైనర్ రాగానే ఒక మనిషి లోపలికి వెళ్లి, బయటివాళ్లు తలుపులు మూశాక చూడాలి. ఎక్కడి నుంచైనా వెలుగు కనిపించిందా, ఆ కంటైనర్ వెనక్కి పంపేయాలి. చెక్క ఆరి ఉండాలి. తేమ పీల్చే సంచులు గోడలకు వేలాడదీయాలి, పై వరుస మీద మందపాటి కాగితం పరచాలి. ఇవన్నీ ఆర్డరు కాగితంలోనే రాయించండి. నోటిమాటగా చెబితే జరగవు.

తడిసిన సరుకు వచ్చేసిందా? పనిచేస్తుందో లేదో చూద్దామని వెంటనే కరెంటు ఇవ్వొద్దు. నేను ఆ పొరపాటు చేశాను. కార్తీక మాసపు ముహూర్తాలకు ఒక కల్యాణ మండపానికి ఇవ్వాల్సిన లైట్లు, చెన్నైలో వానలు పడుతున్న రోజుల్లో దిగాయి. టెన్షన్‌లో కొన్ని వెలిగించి చూశాను, వాటి డ్రైవర్లు (లైటుకు తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగాలు) కాలిపోయాయి. ఆరబెట్టిన మిగతావి బాగానే పనిచేశాయి. పెట్టెల్లోంచి తీసి, గాలి ఆడే చోట నీడన ఆరబెట్టి, ఎలక్ట్రీషియన్ చేత, కరెంటు లీకవుతుందేమో కొలిచే మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూపించాకే కరెంటు ఇవ్వండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైకి ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి, కార్తీక, మార్గశిర ముహూర్తాల సరుకు సెప్టెంబర్‌లోపే దిగేలా ఆర్డరు పెట్టుకోవడం మేలు.

సమస్య: గ్రానైట్ పలకలు విరిగాయి, మరకలు పడ్డాయి

2 సెంటీమీటర్ల మందం పలక చదరపు మీటరుకు దాదాపు 54 కిలోలు తూగుతుంది. అంత బరువున్న రాయి ఒరిగితే ఏ తాడూ ఆపలేదు. పలకలన్నీ ఒకే వైపు ఒరిగి విరిగితే చెక్క ఫ్రేములకూ కంటైనర్ గోడకూ మధ్య ఖాళీ వదిలేశారన్నమాట. అంచులు మాత్రమే చితికితే పలకల కింద మెత్తని ఆధారం లేదు. నడిమికి బీట పడితే పలకను పడుకోబెట్టి ఉంటారు. గ్రానైట్ పలక ఎప్పుడూ నిలువుగానే ప్రయాణం చేయాలి. ఫ్రేముల మధ్య ఖాళీని దుంగలతో బిగించి, ఆ దుంగలను నేలకు మేకులతో కొట్టించాలి.

తెల్ల రాయి మీద గోధుమ రంగు గీతలు కనిపిస్తే ఇనుప పట్టీని అనుమానించండి. కోత నీళ్లు ఆరకముందే ప్యాక్ చేస్తే పట్టీ తుప్పు రాయిలోకి దిగుతుంది. పలకల్ని పూర్తిగా ఆరనిచ్చి, పట్టీకీ రాయికీ మధ్య ప్లాస్టిక్ ముక్క పెడితే సరిపోతుంది.

ఇంత బరువైన సరుకుకు 20 అడుగుల కంటైనరే వాడండి. 40 అడుగులది తీసుకున్నా మొత్తం బరువు పరిమితి దాదాపు అంతే ఉంటుంది, సగం ఖాళీకి కిరాయి కడతారు. లైట్లకు ఇది తిరగబడుతుంది. వాటికి బరువు తక్కువ, చోటు ఎక్కువ కావాలి. 2016 జూలై 1 నుంచి తూకం వేసిన మొత్తం బరువు ముందే చెప్పకపోతే కంటైనర్‌ను ఓడ ఎక్కించరు. అంచనాగా రాసి పంపొద్దు, తూకం చీటీ తీసుకోండి. ప్యాకింగ్ చెక్క మీద వేడి చికిత్స ముద్ర లేకపోతే అవతలి దేశంలో సరుకు ఆపేయొచ్చు. చెక్క నడిమి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలిందని చెప్పేది ఆ ముద్రే.

సమస్య: ఎల్ఈడీ లైట్లను కస్టమ్స్‌లో ఆపారు

కారణం చాలాసార్లు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్. ఎల్ఈడీ బల్బులు, డ్రైవర్లు, ఫిట్టింగులు తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి వస్తాయి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఒక ఫ్యాక్టరీకి, అందులో నమోదైన బ్రాండుకు చెందినది. సరఫరాదారు చూపించిన సర్టిఫికెట్ నిజమైనదే కావచ్చు, అయినా మీ సరుకు పక్క ఫ్యాక్టరీలో తయారైతే అది మీకు పనికిరాదు. అడ్వాన్సు పంపకముందే బీఐఎస్ కేర్ యాప్‌లో నంబరు కొట్టి, ఫ్యాక్టరీ చిరునామా, బ్రాండు, మోడల్ పోల్చి చూడండి. సరుకు దిగాక రిజిస్ట్రేషన్ తెచ్చుకుందాం అనుకోవద్దు. అప్పటికి తిప్పి పంపడం లాంటి ఖరీదైన దారులే మిగులుతాయి.

సమస్య: సరుకు బాగుంది, బిల్లు మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది

ఓడ చేరే రోజుకు ముందు రోజు ముగిసేలోపు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం, దాఖలు కావాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, తర్వాత రోజుకు 10,000 పడుతుంది. యార్డు అద్దె, షిప్పింగ్ లైన్ డిటెన్షన్ (కంటైనర్‌ను గడువు దాటి ఉంచుకున్నందుకు రుసుము) దీనికి అదనం. కస్టమ్స్ ఏజెంటును "ఏమైందన్నా" అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు, ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కిందని షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) ఇంకా రాలేదని. డబ్బు కట్టేసిన సరుకైతే టెలెక్స్ రిలీజ్ అడగండి, అంటే ఒరిజినల్ కాగితం లేకుండానే సరుకు వదలమనడం. కంటైనర్‌కు రుసుము పడని ఉచిత రోజులు ఎన్నో బుకింగ్ సమయంలోనే రాతపూర్వకంగా తీసుకోండి. కంటైనర్‌నే తిరుపతి దాకా తెచ్చుకుంటే ఖాళీది తిరిగి అప్పగించేదాకా రోజులు లెక్కలోకి వస్తాయి. హమాలీలు దొరకరనుకుంటే చెన్నై యార్డులోనే దించి లారీలో తెచ్చుకోవడం నయం. లారీ కదిలే ముందు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసే పత్రం) మరవొద్దు.

సమస్య: పెట్టెల లెక్క తగ్గింది

సీల్ నంబరు బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉన్నదేనా అని తలుపు తెరవకముందే పోల్చి ఫొటో తీయండి. తేడా ఉంటే తెరవొద్దు, ముందు ఏజెంటుకూ ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. నష్టం పైకి కనిపించకపోతే సరుకు అందిన మూడు రోజుల్లోపు షిప్పింగ్ లైన్‌కు రాతపూర్వకంగా తెలపాలి. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూసేదాకా చిరిగిన అట్ట, విరిగిన గాజు, తెగిన సీల్ ఏదీ పారేయకుండా ఒక మూలన ఉంచండి.