వాల్వ్ లిఫ్టర్‌తో హెడ్డులోని వాల్వులు విప్పి, సీల్స్ మార్చడం ఎలా?

రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ గుప్పున వచ్చి, కాసేపటికి తగ్గిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది వాల్వ్ సీల్స్‌నే, అంటే వాల్వు కాడల పక్క నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే సీల్స్‌నే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి వచ్చి, కిందికి చేరాక మళ్లీ తొక్కగానే పొగ వచ్చినా అదే సూచన. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ బాగా పెరిగి, అరిగిన సీల్స్ పక్క నుంచి ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. బండి లోడు మీద నడిచినంతసేపూ పొగ ఆగకుండా వస్తుంటే మాత్రం చూడాల్సింది పిస్టన్ రింగులు. అలాంటప్పుడు సీల్స్ మార్చి ప్రయోజనం లేదు.

సీల్ చూస్తే వేలి కొసంత రబ్బరు ముక్క. దాన్ని చేరాలంటే మాత్రం స్ప్రింగును నొక్కిపెట్టి విప్పాలి. అందుకే వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్. మన టూల్స్ షాపుల్లో వాల్వ్ లిఫ్టర్ అని అడిగితే ఇస్తారు.

ముందు ఆ అమరిక అర్థం కావాలి. వాల్వు స్టెమ్ (కాడ) పైకొసన సన్నని గాడి ఉంటుంది. అందులో రెండు అర్ధచంద్రాకారపు లాకులు ఇరువైపుల నుంచీ కూర్చుంటాయి. వాటి చుట్టూ కోన్ ఆకారంలో రంధ్రం ఉన్న రిటైనర్ ఉంటుంది. స్ప్రింగు రిటైనర్‌ను పైకి తోసేకొద్దీ ఆ కోన్ లాకులను స్టెమ్‌కు గట్టిగా బిగిస్తుంది. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి, ఆయిల్ మడ్డికి ఆ బిగువు అతుక్కుపోతుంది. ఈ పనిలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే. స్ప్రింగును నొక్కడం కష్టం కాదు, అతుక్కున్న లాకులను వదిలించడమే కష్టం.

ఏ రకం టూల్ కావాలి?

హెడ్డు (సిలిండర్ల పైనుండే మూత) విప్పి టేబుల్ మీద పెట్టి చేసే పనికి సి-క్లాంప్ రకం సరిపోతుంది. దాని ఒక కొన చాంబర్ (ఇంధనం మండే గుంట) వైపు వాల్వు తలకు ఆనుతుంది. రెండో కొనకున్న చీలిక దవడ రిటైనర్ మీద కూర్చుంటుంది. స్క్రూ తిప్పినా, లివర్ నొక్కినా మధ్యలో స్ప్రింగు కుదించుకుపోతుంది. కొనేటప్పుడు ఫ్రేము మందం చూడండి. పల్చటి ఫ్రేము బరువు పడగానే వంగుతుంది, దవడ ఒక పక్కకు జారుతుంది. దవడ వెడల్పు మీ ఇంజన్ రిటైనర్‌కు సరిపోవాలి. క్యామ్ నేరుగా బకెట్ల (వాల్వు మీద బోర్లించిన గిన్నెల్లాంటి ముక్కల) మీద నొక్కే ఇంజన్లలో స్ప్రింగులు లోతైన గుంటల్లో ఉంటాయి కాబట్టి, పక్కన కిటికీ కోసిన గొట్టంలాంటి అడాప్టర్ కూడా కావాలి. అది లేకుండా మామూలు దవడతో ప్రయత్నిస్తే బకెట్ తిరిగే అల్యూమినియం గోడ మీద గీతలు పడతాయి. ఆ గీతలకు మందు లేదు. అడాప్టర్ ఉన్నా గోడకూ దానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టి పెట్టడం మంచిది.

ఇవి కూడా దగ్గర పెట్టుకోండి: కళ్లద్దాలు, అయస్కాంతం ఉన్న పెన్ను, సీల్ లాగే ప్లయర్, ప్లాస్టిక్ సుత్తి, కొంచెం గ్రీజు, కొత్త ఇంజన్ ఆయిల్, ఒక అట్టపెట్టె. అట్ట మీద వరసగా రంధ్రాలు చేసి సిలిండర్ నంబరు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ అని రాయండి. ఏ వాల్వు ఏ సీటు (వాల్వు తల ఆని మూసుకునే అంచు) మీద అరిగిందో తిరిగి అక్కడే కూర్చోవాలి. కలిసిపోతే ఏ ఒక్కటీ సరిగ్గా మూసుకోదు. పాత కార్బురేటర్ మారుతి 800లో 3 సిలిండర్లకు 6 వాల్వులు, అంటే 12 లాకులు. ఆల్టో 800లో 12 వాల్వులు, 24 లాకులు. అంత చిన్న ముక్కలు ఒక్కటి పోయినా పని ఆగిపోతుంది కాబట్టి నేల ఊడ్చి, టేబుల్ కింద గుడ్డ పరిచి మొదలుపెట్టండి.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టులను బయటి నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంకర తిరుగుతుంది. హెడ్డు బయటికి తీశాక రాకర్లు, క్యామ్‌షాఫ్ట్ తీసేయండి.

ఇప్పుడు లాకుల బిగువు వదిలించాలి. వాల్వు తల కింద చెక్క ముక్క ఆనించి, లాకులకు తగలకుండా రిటైనర్ అంచు మీద మాత్రమే కూర్చునేంత సాకెట్ పెట్టి, పైన గుడ్డ కప్పి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. చిన్న టక్ శబ్దంతో అతుకు వదులుతుంది. ఒక్కోసారి లాకులు ఆ దెబ్బకే ఊడి పైకెగురుతాయి. గుడ్డ అందుకే.

లిఫ్టర్ పెట్టేటప్పుడు కింది ప్యాడ్ సరిగ్గా వాల్వు తల మధ్యలో ఉండాలి. పైదవడ రెండు వేళ్లూ రిటైనర్‌కు ఇరువైపులా సమానంగా ఆనాలి. నెమ్మదిగా తిప్పుతూ పక్క నుంచి చూడండి. రిటైనర్ కిందికి దిగుతున్నకొద్దీ లాకులు బయటపడతాయి. అవి వదులై కదలగానే ఆపేయాలి. ఇంకో రెండు చుట్లు తిప్పితే లాకులు సులువుగా వస్తాయనుకోవడం పొరపాటు. ఎక్కువ నొక్కితే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగులుతాయి, రిటైనర్ అడుగు గైడు (స్టెమ్ లోపల ఆడే గొట్టం) పైభాగానికి కొట్టుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు ఇదే చేస్తే కొత్త సీల్ నలిగిపోయి, మళ్లీ మొదటికొస్తుంది.

స్క్రూ బరువెక్కుతున్నా రిటైనర్ కదలకపోతే బలం పెంచకండి. కొంత టెన్షన్ ఉంచి, దవడ పైభాగాన ప్లాస్టిక్ సుత్తితో తట్టండి. అప్పటికీ రాకపోతే లిఫ్టర్ వదులు చేసి, సాకెట్ దెబ్బ మళ్లీ వేయండి. ముఖాన్ని మాత్రం స్ప్రింగుకు నేరుగా పెట్టొద్దు.

లాకులను అయస్కాంతంతో తీసి అట్టలో పెట్టాక, లిఫ్టర్‌ను నిదానంగా వదలండి. రిటైనర్, స్ప్రింగు చేత్తోనే వచ్చేస్తాయి. వాల్వును లాగే ముందు స్టెమ్ కొసను గోరుతో తడిమి చూడండి. గాడి అంచు దగ్గర ముళ్లలా లేచి ఉంటే సన్నని ఆయిల్ రాయితో రుద్ది నున్నగా చేయాలి. అలాగే లాగేస్తే ఆ ముళ్లు గైడు లోపల గీతలు పెడతాయి, అప్పుడు గైడు కూడా మార్చాల్సి వస్తుంది. తర్వాత పాత సీల్‌ను ప్లయర్‌తో కొంచెం తిప్పుతూ పైకి లాగాలి. ఒకసారి తీసిన సీల్‌ను మళ్లీ వాడకూడదు.

సీల్స్ మార్చినా పొగ ఆగలేదని వచ్చే ఫిర్యాదులకు చాలాసార్లు కారణం అరిగిన గైడు. వాల్వును కొద్దిగా పైకెత్తి పక్కలకు ఊపి చూడండి. టకటకమని ఆడుతుంటే మెషీన్ షాపులో కొలిపించాలి. స్ప్రింగులను చదునైన పలక మీద నిలబెట్టి పక్కన మూలమట్టం పెడితే వంపు తెలుస్తుంది. ఎత్తును, వంపును మాన్యువల్‌లోని పరిమితితో పోల్చండి.

తిరిగి బిగించడం

స్ప్రింగు కింది సీటు వాషర్ ముందు, సీల్ తర్వాత. ఈ వరస తప్పితే చాలా హెడ్డుల్లో సీల్ పీకితే తప్ప వాషర్ దూరదు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీల్స్ రంగులు వేరుగా ఉంటే ప్యాకెట్ చూసి ఏది ఎక్కడో తేల్చుకోండి. సీల్‌కు ఆయిల్ రాసి, గైడు మీద నిటారుగా పెట్టి, సరిపోయే గొట్టంతో చేతి బలంతోనే అడుగంటేదాకా నొక్కండి. సుత్తి వద్దు. ఆ తర్వాత స్టెమ్ పొడవునా ఆయిల్ రాసి, లాకు గాడిని పల్చటి టేపుతో కప్పి, తిప్పుతూ వాల్వును దూర్చండి. గాడి అంచు పదునుగా ఉంటుంది. అది తగిలితే కొత్త సీల్ పెదవి చీరుకుపోతుంది, ఇంజన్ మళ్లీ నడిచేదాకా ఆ సంగతి తెలియదు. వాల్వు దూరాక టేపు తీసేయండి.

స్ప్రింగులో చుట్లు ఒక చివర దగ్గరగా, మరో చివర ఎడంగా ఉంటే దగ్గరగా ఉన్న చివర హెడ్డు వైపు రావాలి. రిటైనర్ పెట్టి, లిఫ్టర్‌తో గాడి కనిపించేంతవరకే నొక్కండి. లాకుల లోపలి వైపు గ్రీజు అద్ది సన్నని స్క్రూడ్రైవర్ కొసతో గాడిలో అతికిస్తే జారిపోవు. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని చూసుకుని, లిఫ్టర్‌ను చాలా నెమ్మదిగా వదలండి. తర్వాత పైన గుడ్డ కప్పి స్టెమ్ కొస మీద ప్లాస్టిక్ సుత్తితో రెండు మూడుసార్లు తట్టాలి. సగం కూర్చున్న లాకు ఉంటే ఇప్పుడే ఊడుతుంది. నడిచే ఇంజన్‌లో ఊడితే వాల్వు సిలిండర్‌లోకి జారి పిస్టన్‌కు తగులుతుంది.

హెడ్డు బిగించే ముందు కిరోసిన్ పరీక్ష తప్పకుండా చేయండి. ప్లగ్గులు బిగించి, చాంబర్లు పైకి ఉండేలా హెడ్డును సమంగా పెట్టి, ఒక్కో చాంబర్‌లో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు ఆగండి. పోర్టులోకి (వాల్వు వెనక గాలి లేదా పొగ వెళ్లే దారిలోకి) టార్చి వేసి చూస్తే పొడిగా ఉండాలి. కిరోసిన్ కారుతుంటే ఆ వాల్వును గ్రైండింగ్ పేస్టుతో సీటుకు రుద్దాలి. పేస్టు నలుసు కూడా మిగలకుండా కడగాలి. హెడ్డు దించేటప్పుడు కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు దశలుగా బిగించాలి. టైమింగ్ బెల్టు వేశాక క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి మార్కులు మళ్లీ కలిశాయో లేదో చూడండి. టాపెట్ గ్యాప్ (వాల్వు కొసకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) సరిచేసే రకం ఇంజనైతే అదీ ఇప్పుడే సెట్ చేయాలి.

హెడ్డు విప్పకుండా కుదరదా?

కుదురుతుంది, కానీ సి-క్లాంప్‌తో కాదు. వాల్వు తల కిందికి టూల్ చేరదు కాబట్టి పై నుంచి నొక్కే లివర్ రకం కావాలి. లాకులు తీసినప్పుడు వాల్వు సిలిండర్‌లోకి జారిపోకుండా లోపల ఆధారం ఉండాలి. ప్లగ్ రంధ్రంలో అడాప్టర్ బిగించి ఎయిర్ కంప్రెసర్‌తో గాలి పెట్టడం ఒక పద్ధతి. పిస్టన్ సరిగ్గా పైకొసన లేకపోతే ఆ గాలికి క్రాంక్ ఉన్నట్టుండి తిరుగుతుంది. అందుకే గాలి పెట్టే ముందు క్రాంకు మీది స్పానర్ తీసేయాలి. ఎయిర్ కంప్రెసర్ లేనివాళ్లకు నైలాన్ తాడే మేలు. పిస్టన్ పైకొసకు కాస్త కింద ఉండగా శుభ్రమైన తాడును ప్లగ్ రంధ్రంలోంచి దూర్చి, ఒక కొస బయట వదిలి, తాడు వాల్వుల కింద గట్టిగా ఒత్తుకునేదాకా క్రాంకును చేత్తో పైకి తిప్పాలి. సీల్ మార్చి లాకులు కూర్చున్నాక క్రాంకును కొద్దిగా వెనక్కి తిప్పి తాడు మొత్తం లాగేసి, కొస తెగి లోపల ఉండిపోలేదని చూసుకున్నాకే తర్వాతి సిలిండర్‌కు వెళ్లాలి.