ఆయిల్ రంగుల్లో గద్వాల చీర: జరీ చివర్లో వేయండి

ముందు చీరని కుర్చీ మీద జారవిడిచి, ట్యూబ్‌లైట్ ఆపేసి, ఒక్క కిటికీ వెలుతురే పడేలా చూసుకోండి. వెంటనే ఫోటో తీసిపెట్టుకోండి, ఎందుకంటే చిక్కడపల్లిలో మా ఇంట్లో నేను టీకి లేచి వచ్చేసరికి అమ్మ దాన్ని నీటుగా మడతపెట్టి బీరువాలో పెట్టేసింది, ఆ మడతలు మళ్ళీ రాలేదు.

బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు), అల్ట్రామెరీన్ బ్లూ, తెలుపు కలిపితే మంచి బూడిద రంగు వస్తుంది. దాన్ని టర్పెంటైన్‌తో పల్చన చేసి, కళ్ళు సగం మూసి చూస్తూ వెలుగు, మధ్యరకం, నీడ అని మూడే టోన్లలో మడతలన్నీ వేసేయండి. గుడ్డ ఎక్కడ పట్టుకుని వేలాడుతోందో మడత అక్కడే పుడుతుంది, బ్రష్ కూడా అక్కణ్ణుంచే లాగాలి. మడతకి ఒక పక్క గీసినట్టు ఉండాలి, రెండో పక్క పొడి బ్రష్‌తో మెల్లగా కలిపేయాలి. ఇది పట్టుబడకపోతే సాలార్‌జంగ్ మ్యూజియంకి స్కెచ్‌బుక్ పట్టుకెళ్ళి (శుక్రవారం సెలవు) బెంజోని చెక్కిన వీల్డ్ రెబెక్కా ముందు నిలబడండి. రంగన్నదే లేని పాలరాయి, అయినా మేలిముసుగు ఎంత పల్చనో తెలిసిపోతుంది.

బూడిద పొర చేతికి అంటకుండా ఆరాక, వానాకాలమైతే ఇంకొన్నాళ్ళు ఆగి, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపులో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలిపి పల్చగా పూయండి. కింది పొరకన్నా పై పొరలో నూనె ఎక్కువుండాలి, తిరగబడితే తర్వాత పగుళ్ళొస్తాయి.

గద్వాలతో తంటా ఏంటంటే ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది, పట్టు మీద సన్నగా, తళుక్కున మెరిసి పక్కనే చీకటైపోతుంది. రెండిటికీ ఒకే మెరుపు ఇస్తే చీర కాస్తా రెక్సిన్ అవుతుంది!

ఇప్పుడు జరీ. గోల్డ్ కలర్ డబ్బా జోలికి పోవద్దు. ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపులో బర్న్ట్ అంబర్ కలిపి అంచు వేయండి, నీడలో అది దాదాపు గోధుమ రంగే. స్కేలు పెట్టి గీయకండి, ప్రతి మడతలోనూ అంచు లోపలికి మాయమై కాస్త పక్కకి జరిగి బయటికొస్తుంది. కిటికీ వైపు తిరిగిన చోట మాత్రం తెలుపు, లెమన్ ఎల్లో కలిపి నాలుగైదు చుక్కలు మందంగా పెట్టి, ఇక ముట్టుకోకండి.

నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, బయట విడివిడిగా పరిచి ఆరేయండి, అమ్మ చీరలు ఆరేసే తీగ మీద మాత్రం కాదు.