సంక్రాంతికి కుక్కని ఊరు తీసుకెళ్తున్నారా, ముందు ఇవి చూస్కోండి

పండక్కి ఊరెళ్లాలి, మరి కుక్కని ఎక్కడ వదలాలి అని డిసెంబర్ నుంచే టెన్షన్ మొదలైపోద్ది. మా లడ్డూగాడు లాబ్రడార్, 4 ఏళ్లు, 30 కేజీలు. మొదటి ఏడాది వాడ్ని బోర్డింగ్‌లో వదిలేసి వెళ్లాం, 5 రోజులూ సరిగ్గా తిన్లేదంట, వచ్చేసరికి పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు, ఆ మొహం చూసి మా ఆవిడ ఏడ్చేసింది. అప్పట్నుంచి మూడు సంక్రాంతులు హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా ఊరికి వెంటబెట్టుకునే వెళ్తున్నాం.

వారం ముందే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. యాంటీ రేబీస్ డేట్ దాటిపోలేదా చూపించండి, వాక్సిన్ పుస్తకం ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి. గోదావరి జిల్లాల వైపు వెళ్తుంటే లెప్టో వాక్సిన్ గురించి తప్పకుండా అడగండి, అది ఎలకల మూత్రం కలిసిన నీళ్లలోంచి వచ్చే జబ్బు, మా వైపు జనవరి అంటే దాళ్వా (రెండో పంట వరి) టైము, చేలల్లో నీళ్లుంటాయి, వీడేమో నీళ్లు కనపడితే ఆగడు. కార్లో కక్కే అలవాటుంటే ఆ మాత్ర కూడా డాక్టర్నే అడిగి రాయించుకోండి, మనం వేసుకునేవి మాత్రం వెయ్యొద్దు.

రైలు సంగతి చాలామంది అడుగుతారు. కుక్కని మనతో పాటు పెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీ ఒక్కటే దారి, అదీ 2 బెర్తుల కూపేనో 4 బెర్తుల క్యాబినో మొత్తం మనకే వస్తే ఏ గొడవా ఉండదు, కానీ కూపే వచ్చిందా లేదా అన్నది చార్ట్ పడ్డాకే తెలుస్తుంది. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వేటిలోనూ ఒప్పుకోరు. డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, వాక్సిన్ పుస్తకం, టికెట్టు పట్టుకుని పార్సిల్ ఆఫీసులో కుక్కకి విడిగా బుక్ చేయించాలి, బుక్ చెయ్యకుండా ఎక్కిస్తే 6 రెట్లు కట్టించుకుంటారు. గార్డు దగ్గర బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్ అని ఇంకోటి ఉంటుంది గానీ, ఆ చప్పుడులో రాత్రంతా ఒంటరిగా, నేనైతే పెట్టను. పండగ రద్దీలో కూపే దొరుకుద్దన్న ఆశ మీద ప్రయాణం పెట్టుకోలేక మేం కార్లోనే వెళ్తాం.

కారైతే దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. తెల్లారుజామున 3కి బయల్దేరతాం, ఎందుకంటే పండగ ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గరా కొర్లపహాడ్ దగ్గరా బండ్లు ఎలా ఆగిపోతాయో తెలిసిందే, ఆ క్యూలో ఎండ పడితే వాడికి ఒగర్పు ఆగదు. బయల్దేరడానికి 4 గంటల ముందే తిండి ఆపెయ్యండి. ఒకసారి పాపం ఆకలేస్తుందేమో అని పెరుగన్నం పెట్టి ఎక్కించాం, చౌటుప్పల్ దాటకముందే సీటంతా కక్కేశాడు. నీళ్లు మాత్రం 2 గంటలకోసారి కొంచెం కొంచెం పట్టండి. వెనక సీట్లో కూర్చోబెట్టి సీట్‌బెల్ట్ క్లిప్పు తగిలించండి, క్లిప్పు హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) తగిలించాలి, మెడ పట్టీకి తగిలిస్తే సడన్ బ్రేక్‌కి మెడ పట్టేస్తుంది.

ఇప్పుడు చెప్పేది ఒక్కటే గుర్తుపెట్టుకోండి చాలు: లీష్ (కుక్కని పట్టుకునే తాడు) చేతికి చుట్టుకున్నాకే డోర్ తియ్యాలి. సూర్యాపేట దగ్గర హోటల్ ముందు ఆపి నేను డోర్ తీశా, సరిగ్గా అప్పుడే వెనకాల లారీ ఎయిర్ హారన్ కొట్టింది, లడ్డూగాడు నా కాళ్ల సందులోంచి దూకి పోయాడు, ఇంకో ఆగి ఉన్న లారీ కింద దూరి వెనక టైరు పక్కన పొట్ట నేలకి ఆనించి పడుకున్నాడు, ఒళ్లంతా వణుకు, పిలిస్తే చెవి కూడా కదలట్లేదు. నేను వాడి వైపు వంగితే ఇంకా లోపలికి జరుగుతున్నాడు. మా ఆవిడ దూరంగా నేల మీద కూర్చుని, అసలు వాడి వైపు చూడకుండా, బిస్కెట్ పాకెట్ నలుపుతూ ఉంది. పది నిమిషాలకి పాక్కుంటూ వచ్చి ఒళ్లో తల పెట్టాడు. అందుకే చెప్తున్నా, తప్పించుకుంటే వెంటపడొద్దు, కింద కూర్చోండి. పట్టీకి మన ఫోన్ నంబర్ రాసిన బిళ్ల ఉండాలి. టిఫిన్‌కి ఒకరు వెళ్తే ఒకరు కుక్క దగ్గరుండాలి, మూసిన కార్లో వదలకండి, ఎండలో 10 నిమిషాలకే లోపల వేడి ఇంకో 10 డిగ్రీల దాకా పెరిగిపోద్ది.

ఊళ్లోకి వెళ్లాక అసలు పని. మా నాన్నమ్మకి దేవుడి గది దగ్గరికి కుక్క రాకూడదు, ఆ మాట ముందే అనుకుని పెరటి వైపు వసారాలో వాడి దుప్పటి వేసేశాం, ఇప్పుడు ఆవిడే పొద్దున్నే లేచి వాడికి పాలు పోయమంటుంది. మీరూ ఫోన్‌లోనే మాట్లాడేసుకోండి. వీధి కుక్కల మధ్యకి మొదటి రోజే వదలొద్దు, అవి వాటి వీధిలోకి కొత్తదాన్ని రానివ్వవు. పక్కింట్లో పందెం కోడి ఉందా అనేది కనుక్కోండి, ఏడాదంతా బాదంపప్పులు పెట్టి పెంచుకున్న పుంజు మీద మన కుక్క పడిందంటే ఆ మాట తరాలు గుర్తుంటుంది. భోగి మంట టైములో, గంగిరెద్దుల వాళ్ల సన్నాయి, డోలు వినపడ్డప్పుడు లోపలి గదిలో ఉంచి ఫ్యాన్ వేసెయ్యండి. కనుమ రోజు కోడి ఎముకలు ప్రేమగా పెట్టేస్తారు అందరూ, ఉడికిన ఎముక విరిగితే సూదిలా అయ్యి పేగులో దిగుద్ది, చుట్టాలందరికీ ఒక్కొక్కరికీ చెప్పండి.

చేల గట్ల మీద లీష్ వదలకండి, నాకు అన్నిటికంటే భయం అక్కడే. ఎలకల మందు బియ్యంలో నూనెతో కలిపి పెడతారు, వాసనకి కుక్క తినేస్తుంది. తిన్నదని అనుమానమొస్తే లక్షణాల కోసం ఆగొద్దు, మందు పాకెట్ ఏదో కనుక్కుని అది కూడా పట్టుకుని పరిగెత్తాలి, పండగ సెలవుల్లో ఎవరుంటారో తెలీదు కాబట్టి మండలంలో పశువుల డాక్టర్ నంబరు వెళ్లిన రోజే తీసుకోండి.

తిరిగొచ్చాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద గోమార్లు ఉన్నాయేమో వేలు పెట్టి తడిమి చూడండి. ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో తిన్నగా లాగెయ్యండి, చేత్తో నలపొద్దు. ఆ తర్వాత మూడు వారాల దాకా తిండి మానేసినా, ఒళ్లు వేడిగా ఉన్నా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా ప్రయాణం అలసటే అనుకోకుండా రక్తపరీక్ష చేయించండి, గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అయితే మొదట్లో మందులకి బాగానే తగ్గుద్ది.