మేడ మీది అర్రకు వైఫై అందకపోతే

హన్మకొండ, కాజీపేట ఇండ్లల్ల ఫైబర్ తీగ ఎక్కడ లోపలికొస్తే రూటర్ అక్కడే, టీవీ వెనుకనో ఇనుప బీరువా పక్కనో పెడుతుంటరు. సగం తిప్పలు అక్కడివే. సిగ్నల్‌ను ఇనుము ఆపుతుంది, స్లాబులోని కడ్డీలూ అంతే. రూటర్‌ను ఇంటి నడుమకు, తల ఎత్తుకు తేవాలి. తీగ చాలకపోతే పొడుగుది కొనండి గానీ మూల దగ్గర మడతపెట్టి గుంజకండి, వెలుతురు సన్నగిల్లి నెట్ ఆగిపోతుంది.

ఇగ సెట్టింగులు. రూటర్ అడుగున ఉన్న అడ్రస్, చాలావాటికి 192.168.1.1, బ్రౌజర్‌లో కొట్టండి. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు దారులుంటయి. 2.4 గిగాహెర్ట్జ్‌కు 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువున్నదాన్ని ఎంచుకొని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో 40 పెడితే పక్కింటి రూటర్లతో లొల్లే. 5 గిగాహెర్ట్జ్ వేగమే, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తది.

మేడకు రిపీటర్ (సిగ్నల్‌ను అందుకొని మళ్లీ పంపే డబ్బా) కంటే క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ, మూలకు పడున్న పాత రూటర్ నయం. ముందుగాల పాతదాని అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రస్‌లు పంచే సెట్టింగు) ఆపి, కింది రూటర్ నుంచి వచ్చే తీగను పాతదాని ల్యాన్ (ఇంట్ల పరికరాల) పోర్టులో గుచ్చండి, వ్యాన్ (బయటి నెట్) పోర్టులో కాదు. డీహెచ్‌సీపీ ఆపుడు మరిస్తే, ఫోన్‌లో వైఫై గీతలు నిండుగనే ఉంటయి, నెట్ మాత్రం ఒక్కోసారి రాదు.