వలస బయలుదేరే ముందు రీఛార్జి: చూసుకోవలసిన జాగ్రత్తలు

ఆదోని, కోసిగి వైపు నుండి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి కుటుంబాలు బయలుదేరే కాలం దగ్గరపడింది. వెళ్లేవారి ఫోన్లకూ, ఊళ్లో ఉండిపోయే పెద్దల ఫోన్లకూ రీఛార్జి చేయించే ముందు ఇవి గమనించండి.

• బ్యాంకు ఖాతాకూ ఆధార్‌కూ ఇచ్చిన నంబరును మూలన పడేయకండి. వరుసగా 90 రోజులు వాడని నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. ఆ తరువాత అది వేరొకరికి చేరితే మీ ఓటీపీలు కూడా వారికే వెళ్తాయి.

• ఏడాది ప్లాన్‌కు డబ్బు కట్టకముందే, ఇంటి లోపలా, పనికి వెళ్లే ఊళ్లోనూ ఆ కంపెనీ సిగ్నల్ అందుతుందో లేదో అక్కడివారి ఫోన్లలో చూడండి. కంపెనీ మారితే నంబరు మీతో వస్తుంది గానీ, మిగిలిన రోజుల డబ్బు రాదు.

• బటన్ ఫోన్ వాడే అవ్వాతాతలకు డేటా ప్లాన్ వేయించడం వృథా ఖర్చు. టెలికాం కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో తన నిబంధనలకు తెచ్చిన సవరణ ప్రకారం కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌ను కూడా కంపెనీలు ఇవ్వాలి. దుకాణంలో తమంతట తాము చెప్పకపోవచ్చు గనుక, పెద్దల తరఫున మీరే పట్టుబట్టి అడగండి.

• 28 రోజుల ప్లాన్ నెల ప్లాన్ కాదు. ఏడాదికి 13 సార్లు కట్టవలసి వస్తుంది గనుక, ధరను రోజులతో భాగించి పోల్చండి.

• రోజువారీ డేటాలో మిగిలినది సాధారణంగా మరునాటికి కలవదు.

• డబ్బు పంపే ముందు పది అంకెలూ పైకి చదవండి. పొరపాటున వేరొకరికి పడిన రీఛార్జిని వెనక్కి రప్పించడం చాలా కష్టం.